పదకొండో నంబరు టేబుల్

కాస్త ఇటు జరిగి కూర్చోండి. చేతిలో ఫోను పక్కన పెట్టి, కాళ్ళు చాపుకుని వినండి. ఒక ఇంటివాళ్ళు అయిదుగురు ఒక ఆదివారం మధ్యాహ్నం బయట భోజనానికి వెళ్ళిన కథ ఇది. మధ్యలో నవ్వు వస్తే నవ్వండి, ఎవరూ కాదనరు. కోపం మాత్రం వచ్చి తీరాలి. రాలేదంటే సరిగ్గా వినలేదనే లెక్క.

ఆ ఇంటి పెద్దాయన రైల్వే రిజర్వేషన్ కౌంటర్‌లో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. అన్నేళ్ళు జనానికి సీట్లు పంచి పంచి, ఆయన ఒక విషయం గట్టిగా పట్టుకున్నాడు. మొదట చూపించే సీటు ఎప్పుడూ ఎవరికీ అక్కరలేని సీటేనట. మంచివి లోపల దాచి ఉంచుతారట, గట్టిగా అడిగినవాడికే ఇస్తారట. అందుకని బస్సులో గానీ, సినిమా హాల్లో గానీ, ఆయన మొదట కూర్చున్న చోట చివరిదాకా ఉన్నది లేదు. ఒకసారి చెవి నొప్పికని ఆసుపత్రికి వెళ్ళి, ఈ బెంచీ బాగాలేదు, ఆ బెంచీ బాగాలేదని జరుగుతూ జరుగుతూ కళ్ళ డాక్టరు గది ముందు తేలాడు. కంట్లో చుక్కలు వేయించుకుని ఇంటికొచ్చాడు. చెవి నొప్పి దానంతట అదే తగ్గింది. ఆ చుక్కల మహిమేనని ఇప్పటికీ వాదిస్తాడు.

ఆయన భార్యకు మెడ మీద గాలి పడకూడదు. ఎండాకాలమైనా సరే, మెడ చుట్టూ శాలువా ఉండాల్సిందే. కూతురు పళ్ళ డాక్టరు దగ్గర పనిముట్లు మరగబెట్టి శుభ్రం చేసే ఉద్యోగం చేస్తుంది. ఆ పిల్లకు ఎక్కడ చెంచా కనిపించినా తుడవాలనిపిస్తుంది. కొడుకు లిఫ్టు మెకానిక్. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన జనాన్ని క్షణాల్లో బయటికి తీస్తాడు, కానీ నాన్నకూ భార్యకూ మధ్య తను ఇరుక్కుంటే మాత్రం ఏ బటన్ నొక్కాలో అతనికి తెలియదు.

ఇక కోడలు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. పొద్దున్నే లేచి వంట చేసి, నలుగురికీ వడ్డించి, డబ్బా కట్టుకుని పనికి వెళుతుంది. రాత్రికి వచ్చి మళ్ళీ అదే పని. రొట్టె పెనం మీద నుంచి తీసింది తీసినట్టు మామగారి కంచంలో పడాలి. అత్తగారికి కూర మళ్ళీ వెచ్చబెట్టాలి. ఆడపడుచు గ్లాసు మళ్ళీ కడగాలి. చివరికి ఆమె తన కంచం ముందు కూర్చునేసరికి పప్పు మీద పొర కట్టి ఉంటుంది, అన్నం గడ్డకట్టి ఉంటుంది. వేడి అన్నం ఎలా ఉంటుందో ఆమె చేతికి తెలుసు, నాలుకకు తెలియదు. ఇలా పదేళ్ళు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఆమె ఎప్పుడు తింటోందో ఎవరూ చూడలేదు, అంతే. మరి కోపం రాదా?

పెళ్ళయి పదేళ్ళు నిండుతున్నాయని భర్త ఒకరోజు అడిగాడు. "ఈసారి నీకేం కావాలో చెప్పు. మొహమాటపడకు."

"ఒక్కపూట నాకు ముందు వడ్డించాలి. పొగలొచ్చే అన్నం. నేను లేవకూడదు, ఎవరికీ ఏమీ అందించకూడదు. కూర్చున్నచోట కూర్చుని తినాలి."

"అంతేనా?"

"అంతే."

అతను హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. దానికంటే పట్టుచీర తేలికని పాపం అప్పటికి అతనికి తెలియదు.

మెయిన్ రోడ్డు మీద కొత్తగా ఒక ఇండియన్ రెస్టారెంటు తెరిచారు. ఆదివారం అందరం అక్కడికే వెళదామన్నారు. మామగారు పొద్దున్నే పాత క్యాలెండరు కాగితం వెనక టైమ్‌టేబుల్ రాశాడు. పదకొండూ నలభైకి బయలుదేరడం, పన్నెండూ పదికి చేరడం, పన్నెండున్నరకు మొదటి ముద్ద. కోడలు ఆ పూట టీ మాత్రం కాచి, స్టవ్ తుడిచి, గట్టు మీద ఒక్క గిన్నె కూడా లేకుండా సర్దేసింది. పదేళ్ళలో మొదటిసారి ఆ వంటింట్లో ఆదివారం మధ్యాహ్నం పొయ్యి వెలగలేదు. ఆమె గుమ్మంలో నిలబడి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంది.

అత్తగారి శాలువా దొరికేసరికి టైమ్‌టేబుల్ గంట వెనకబడింది.

రెస్టారెంటు లోపల కిటకిటలాడుతోంది. గోడ మీద ఏనుగు బొమ్మ, కౌంటర్ దగ్గర టై కట్టుకున్న మేనేజరు, మూడు వరుసల టేబుళ్ళు. ప్రతి టేబుల్ మీదా చిన్న ఇత్తడి స్టాండు, దాని మీద నంబరు. ఒక్కో వరుసకు ఒక్కో వెయిటరు. అతను చీటీ మీద టేబుల్ నంబరు రాసి, ఆర్డరు రాసి, వంటగది కిటికీలో పెడతాడు. వంటవాడు ఆ నంబరు కేకవేసి పళ్ళేలు బయటికి తోస్తాడు. వంటగదికి మనుషులతో పనిలేదు, నంబర్లతోనే పని. ఇది ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు కూడా ఆ కుటుంబంలాగే ఆ వంటవాణ్ణి తిట్టుకుంటారు. పాపం, ఆ రోజు తప్పు లేనివాడు అతనొక్కడే.

మేనేజరు వాళ్ళను తలుపు దగ్గర నాలుగో నంబరులో కూర్చోబెట్టాడు. మొదటి వరుస వెయిటరు వచ్చాడు. అయిదు సూపులు, రొట్టెలు, అన్నం, పప్పు, వంకాయ కూర, పెరుగు చెప్పారు. కోడలు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా నీళ్ళ జగ్గు ఉన్నా, గ్లాసుల్లో పోయబోయిన చేతిని ఆమే వెనక్కి తీసుకుంది.

"ఇది బాలేదు," అన్నాడు మామగారు.

"ఏమైంది నాన్నా?"

"తలుపు. వచ్చేవాడూ పోయేవాడూ మన నెత్తి మీదుగానే. ముందు ఇలాంటివే అంటగడతారు. అదిగో, ఏసీ కింద తొమ్మిది ఖాళీ అయింది. పదండి."

"ఆర్డరిచ్చేశాం కదా నాన్నా."

"ఇస్తే ఏం? మనం ఊరొదిలి పోతున్నామా? లేవండి."

లేచారు. కోడలు కూడా లేచింది. వాళ్ళు తొమ్మిదిలో సర్దుకునేలోపే, నాలుగులో ఒక ముసలి దంపతులు వచ్చి కూర్చున్నారు. ముసలాయన కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండగానే వాళ్ళ ముందు అయిదు సూపు గిన్నెలు వరుసగా వచ్చి కూర్చున్నాయి.

"అబ్బ, ఎంత చురుగ్గా ఉన్నారండీ," అంది ముసలావిడ. "నోరు కూడా విప్పలేదు."

"ఇద్దరికి అయిదు తెచ్చారు, మర్యాద తెలిసినవాళ్ళు," అని ఆయన చెంచా తీసుకున్నాడు.

మామగారి కళ్ళు ఆ గిన్నెల మీదే ఉన్నాయి. "మనకంటే వెనక వచ్చారు వాళ్ళు. చూశావా? వాళ్ళకు ముందొచ్చింది."

"తెలిసినవాళ్ళయి ఉంటారు," అంది అత్తగారు.

"కోటా," అన్నాడాయన పళ్ళ సందునుంచి. "నేను చూడని కోటాలా ఇవి?"

అంతలో రెండో వరుస వెయిటరు వచ్చి, ఏం తెమ్మంటారని అడిగాడు. అప్పటికే చెప్పామన్నారు. నా దగ్గర చీటీ లేదే అన్నాడు అతను. కొడుకు మధ్యలో దూరాడు. "పోనీ నాన్నా, ఇంకోసారి చెబుదాం. మర్చిపోయి ఉంటారు."

"చెప్పు. రెండు దరఖాస్తులు పెడితే ఒకటైనా ఖాయమవుతుంది."

మళ్ళీ అన్నీ చెప్పారు. చెప్పి చెంచాలు సర్దుకున్నారో లేదో, అత్తగారు శాలువా రెండో చుట్టు చుట్టుకుంది. కాసేపటికి మూడో చుట్టు కూడా చుట్టింది. ఆవిడ కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు.

"ఏవండీ, ఈ గాలికి నా మెడ పట్టేసేలా ఉంది. రేపు మీరే నూనె రాయాలి."

నూనె మాట వినగానే మామగారు లేచి నిలబడ్డాడు. మూడో వరుస చివర, స్తంభం వెనక పదకొండో నంబరు ఖాళీగా ఉంది. అందరూ అటు నడిచారు. కోడలు ఆఖరున నడుస్తూ వంటగది కిటికీ పక్కగా వెళ్ళింది. లోపల పెనం మీద రొట్టె పొంగుతోంది. ఆమె అడుగు ఒక్క క్షణం ఆగింది.

"రా వదినా, అక్కడేం చూస్తున్నావ్? నీకు తెలియని వంటా?" అంది ఆడపడుచు.

పదకొండో నంబరుకు మీసాల వెయిటరు వచ్చాడు. వయసైన మనిషి, మీసం చెవులదాకా ఉంది. మూడోసారి ఆర్డరు చెప్పారు. ఈసారి మామగారు వేలు పెట్టి చూపిస్తూ ఒక్కొక్క మాటా రాయించి, చదివించుకుని, సరేనన్నాడు.

సరిగ్గా అప్పుడే తొమ్మిదో నంబరులో ఆరుగురు బలమైన మనుషులు వచ్చి కూర్చున్నారు. ఇళ్ళు మారేవాళ్ళ బీరువాలూ మంచాలూ మోసే మనుషులు. పొద్దున్నుంచీ నాలుగంతస్తుల మెట్లు ఎక్కి దిగినట్టున్నారు, చొక్కాలు వీపులకు అంటుకుపోయి ఉన్నాయి. వాళ్ళు కుర్చీలు లాక్కుంటూ ఉండగానే రొట్టెల గంపలు, పప్పు, వంకాయ కూర, అన్నం, పెరుగు అన్నీ దిగాయి. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన భుజాలెగరేశాడు. అందరూ తల వంచుకుని తినడం మొదలుపెట్టారు.

మామగారు ఒంటికాలి మీద లేచాడు. నేరుగా వెళ్ళి వాళ్ళ నెత్తిన నిలబడ్డాడు.

"మీరెప్పుడొచ్చారు?"

"ఇప్పుడే సార్," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు, నోట్లో ముద్దతోనే.

"ఆర్డరెప్పుడిచ్చారు?"

"ఇవ్వలేదు సార్."

"ఇవ్వకుండానే వచ్చిందా?"

"వచ్చింది సార్. కూరలో ఉప్పు కూడా సరిపోయింది."

మామగారు ముసలి దంపతుల దగ్గరికి వెళ్ళి అదే అడిగాడు. వాళ్ళూ అదే చెప్పారు. నోరు కూడా విప్పలేదు బాబూ, దేవుడిలా తెచ్చి పెట్టారు అన్నారు. ఆయన నెమ్మదిగా తిరిగి వచ్చి కూర్చుని, టేబుల్ మీదికి వంగి, రహస్యం చెబుతున్నట్టు అన్నాడు.

"నాకు అర్థమైంది. ఇక్కడ ఆర్డరిస్తే రాదు. ఇవ్వనివాళ్ళకే వస్తుంది."

"అదెలా నాన్నా?" అన్నాడు కొడుకు.

"ఎలాగో నాకు తెలియదు. కళ్ళారా చూశాను. ఇద్దరిని అడిగాను, ఇద్దరూ ఇవ్వలేదు, ఇద్దరికీ వచ్చింది. మనం మూడుసార్లిచ్చాం, మూడుసార్లూ రాలేదు. ఇంకా సాక్ష్యం కావాలా? ఇప్పటినుంచి ఎవరూ నోరెత్తి ఏమీ అడగకండి."

లిఫ్టు మోటారు ఎందుకు ఆగిందో మోటారు విప్పకుండానే చెప్పగల కొడుకు, ఆ మాటకు తల ఊపాడు. కన్నతండ్రి కదా.

అప్పటికి ఇంకో సమస్య మొదలైంది. పదకొండో నంబరు పక్కనే చేతులు కడుక్కునే బేసిను. ఒక పెద్దమనిషి అక్కడ నిలబడి, నోట్లో నీళ్ళు పోసుకుని, తల వెనక్కి వాల్చి, గొంతులో అరనిమిషం గుడగుడ శబ్దం చేసి ఉమ్మాడు. ఆడపడుచు కళ్ళు మూసుకుంది. అతను మళ్ళీ నీళ్ళు పోసుకున్నాడు.

"నాన్నా, నేనిక్కడ తినలేను. రోజంతా నా ఉద్యోగమే ఈ శబ్దం. ఆదివారం కూడానా?"

మామగారి మొహం వెలిగింది. సరిగ్గా అప్పుడే కిటికీ పక్కన రెండో నంబరు ఖాళీ అవుతోంది. కిటికీ సీటు. ఆయన జీవితమంతా ఇతరులకు ఇచ్చిన సీటు.

"లేవండి. అది మనదే. వెళ్ళి కూర్చోండి, ఎవడొచ్చినా ఆర్డరివ్వకండి."

మిగతా నలుగురూ లేచారు. కోడలు లేవలేదు.

"లే అమ్మా," అంది అత్తగారు.

"నేను లేవను అత్తయ్యా."

అత్తగారి మెడ మీది శాలువా జారింది. పదేళ్ళలో ఆ పిల్ల నోట అలాంటి మాట ఆవిడ వినలేదు. పాలు లేవు, కూరలు లేవు అన్న మాటలు విన్నది గానీ, లేవను అన్న మాట వినలేదు.

"ఏమైంది నీకు?" అన్నాడు భర్త గొంతు తగ్గించి.

"ఏమీ కాలేదు. ఈ పూట లేవకూడదన్నాను కదా. ఇప్పటికే రెండుసార్లు లేచాను. మీరు వెళ్ళండి."

"ఈ బేసిను పక్కనా? నాన్న ఏమనుకుంటారు?"

"వేడి అన్నం బేసిను పక్కన కూడా వేడిగానే ఉంటుంది."

"అక్కడికి భోజనం వచ్చాక పిలుస్తాంలే, కాళ్ళు నొప్పిగా ఉన్నట్టున్నాయి," అని మామగారే సర్దిచెప్పి, కిటికీ సీటు పోతుందని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు వెంట వెళ్ళారు. స్తంభం అడ్డం వచ్చి ఆమె కనబడకుండా పోయింది.

రెండో నంబరులో నలుగురూ కిటికీలోంచి వచ్చేపోయే బండ్లను చూస్తూ కూర్చున్నారు. మొదటి వరుస వెయిటరు వచ్చి అడిగాడు.

"ఏం తెమ్మంటారు సార్?"

"మేం చెప్పం," అన్నాడు మామగారు నవ్వుతూ.

"చెప్పరా?"

"చెప్పం. నువ్వు వెళ్ళు. మాకు తెలుసు."

వెయిటరు చేతిలోని పెన్సిలు చెవి వెనక పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళకు ఆకలి లేదేమో, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నారేమో అనుకున్నాడు. పావుగంట గడిచింది. ఆయన నవ్వు అలాగే ఉంది. ఇంకో పావుగంట గడిచింది. నవ్వు ఉంది గానీ కొంచెం బిగుసుకుంది.

ఈలోపు స్తంభం వెనక, పదకొండో నంబరు కేక వినిపించింది. మీసాల వెయిటరు మొదటి పళ్ళెం పట్టుకుని వచ్చాడు. అన్నం మీద పొగలు లేస్తున్నాయి. వంకాయ కూర మీద నూనె ఇంకా చిటపటమంటోంది. అయిదుగురికి ఆర్డరిచ్చిన చోట ఒక్క మనిషే ఉండటం చూసి ఆగాడు.

"మిగతావాళ్ళు ఏరమ్మా?"

"కిటికీ దగ్గరున్నారు. కాస్త పిలుస్తారా?"

అతను పళ్ళెం ఆమె ముందు పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "సార్, పదకొండో నంబరు భోజనం తయారైంది. మీకోసం మిగతా నాలుగు పళ్ళేలు సిద్ధంగా ఉన్నాయి."

మామగారు అతన్ని పైనుంచి కిందకు చూశాడు. తర్వాత కొడుకు వైపు వంగాడు. "చూశావా ఎత్తు? కిటికీ సీటు ఎవరికో ఇవ్వాలి. అందుకని మనల్ని బేసిను దగ్గరికి తరుముతున్నాడు." గొంతు పెంచి వెయిటరుతో అన్నాడు. "మాది రెండో నంబరు. పదకొండుతో మాకు సంబంధం లేదు."

"మరి ఆ నాలుగూ ఉంచమంటారా, క్యాన్సిల్ చేయమంటారా?"

ముప్పై మూడేళ్ళు ఆ మాట వేలమందితో అన్న మనిషి. నోటికి దానంతట అదే వచ్చేసింది.

"క్యాన్సిల్ చెయ్యి."

కొడుకు సగం లేచాడు. "నాన్నా, అక్కడ ఆమె ఒక్కతే..."

"కూర్చో. లేస్తే సీటు పోతుంది."

అతను కూర్చున్నాడు. స్తంభం పక్కనుంచి కాస్త వంగితే భార్య మొహం కనబడింది. ఆగు, వస్తున్నాం అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడం ఆమెకు కొత్త కాదు. పదేళ్ళుగా టీవీలో మ్యాచ్ అయ్యేదాకా, మామగారి ఫోను అయ్యేదాకా, ఆడపడుచు స్నానం అయ్యేదాకా అందరూ ఆ చెయ్యే ఊపారు. ఆమె ఆగేది. కంచాల మీద మూతలు పెట్టి ఆగేది.

మీసాల వెయిటరు తిరిగి వచ్చాడు. "పదకొండుతో వాళ్ళకు సంబంధం లేదట అమ్మా. క్యాన్సిల్ అన్నారు." ఆమె పళ్ళెం ముట్టుకోలేదు. కిటికీ వైపే చూస్తోంది. అతను ఇంకాసేపు నిలబడి, మెల్లిగా అన్నాడు.

"చల్లారిపోతుందమ్మా. తినండి."

ఆ ఇంట్లో రోజుకు రెండుసార్లు ఆమే అనే మాట అది. మామయ్యా చల్లారిపోతుంది, అత్తయ్యా చల్లారిపోతుంది, ఏమండీ చల్లారిపోతుంది. ఆమెతో మాత్రం ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆమె అతని మొహం ఒకసారి చూసి, అన్నం మధ్యలో గుంట చేసి, పప్పు పోసుకుని, మొదటి ముద్ద కలిపింది. వేళ్ళు కాలాయి. ఊదుకుంటూ తిన్నది.

"ఇంకొంచెం వేయనా?" అన్నాడు మీసాల వెయిటరు.

"వేయండి," అంది ఆమె. తర్వాత రొట్టె తెచ్చాడు. పెనం మీదనుంచి వచ్చినది, పొంగి ఉంది. "ఇంకొకటి?" అన్నాడు. "వేయండి," అంది.

రెండున్నరకు మామగారి నవ్వు పూర్తిగా ఆరిపోయింది. కడుపు మండుతోంది, ఆకలితోనూ అవమానంతోనూ. లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు. కుటుంబం వెంట వెళ్ళింది. కిటికీ సీటును మరుక్షణమే ఇంకెవరో ఆక్రమించారు.

"మీ హోటల్లో జనానికి అన్నం పెట్టరా?"

"పెడతాం సార్. మీ టేబుల్ నంబరు?" అన్నాడు మేనేజరు.

"రెండు."

మేనేజరు చీటీలు తిరగేశాడు. "రెండో నంబరునుంచి ఆర్డరేమీ లేదే సార్."

"ఇవ్వలేదు. అందుకే అడుగుతున్నాను."

"ఇవ్వకపోతే ఎలా వస్తుంది సార్?"

"తొమ్మిదో నంబరుకెలా వచ్చింది?"

"తొమ్మిదికి ఆర్డరుంది సార్. ఇదిగో, అయిదు భోజనాలు."

"అది మాది."

"మీది రెండన్నారు కదా?"

"ఇప్పుడు రెండు. ముందు తొమ్మిది. అంతకు ముందు నాలుగు."

"మధ్యలో?"

"మధ్యలో పదకొండు."

మేనేజరు మూడు చీటీలూ పేకముక్కల్లా పరిచి చూశాడు. "మొత్తం మీరెంతమంది సార్?"

"అయిదుగురం."

"పదకొండు మీరే క్యాన్సిల్ చేశారట కదా సార్. రాసి ఉంది."

కూతురు, "మేం మీ చెంచాల గురించి కూడా మాట్లాడాలి," అని మొదలుపెట్టింది. అత్తగారు, "ఆ ఏసీ సంగతి చెప్పు ముందు," అంది. కొడుకు అందరికీ మధ్యలో నిలబడి అందరినీ శాంతించమంటున్నాడు. జనం తినడం ఆపి చూస్తున్నారు. బీరువాలు మోసే ఆరుగురూ పెరుగులో కలుపుకుంటూ చూస్తున్నారు.

"ఫిర్యాదుల పుస్తకం తీయండి," అన్నాడు మామగారు. "మీ సంగతి రాతపూర్వకంగా తేలుస్తాను."

మేనేజరు పుస్తకం తీశాడు. ఎర్ర అట్ట, కొత్తది, అప్పటిదాకా ఎవరూ రాయలేదు. నాలుగు గళ్ళు ఉన్నాయి. టేబుల్ నంబరు, తిన్న పదార్థాలు, అభిప్రాయం, సంతకం. మామగారు జేబులోంచి సొంత పెన్ను తీసి మొదటి గడిలో నాలుగు, తొమ్మిది, పదకొండు, రెండు అని రాశాడు.

"ఒక్క నంబరే రాయాలి సార్."

ఆయన కొట్టేసి రెండు అని రాశాడు. రెండో గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఏమీ తినలేదు. ఏం రాయాలి?"

"తినకపోతే అభిప్రాయం ఎలా సార్? గడి ఖాళీగా ఉంటే ఫిర్యాదు చెల్లదు. యజమానిగారు చూడరు."

ఇంకెవరైనా అయితే ఆ పుస్తకం విసిరికొట్టేవాళ్ళు. ఆయన విసరలేకపోయాడు. ఒక్క గడి ఖాళీగా ఉందని ముప్పై మూడేళ్ళలో ఎన్ని ఫారాలు కౌంటర్ కిందనుంచి వెనక్కి తోశాడో ఆయనకే తెలియదు. పసిపిల్లను ఎత్తుకున్నవాళ్ళవీ తోశాడు, ఏడుస్తున్నవాళ్ళవీ తోశాడు. గడి గడే. పెన్నుకు మూత పెట్టి, చివరికి అన్నాడు.

"మా కోడలుంది. ఆమె రాస్తుంది."

పుస్తకం పట్టుకుని అందరూ స్తంభం చుట్టూ తిరిగి పదకొండో నంబరుకు వచ్చారు. పళ్ళెం తుడిచినట్టు ఖాళీగా ఉంది. కోడలు అప్పుడే బేసిను దగ్గర చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటోంది. మొహం ఎర్రబడి ఉంది, నుదుటి మీద చెమట. వేడి వేడిగా తిన్నవాళ్ళ మొహం అలాగే ఉంటుంది.

"తినేశావా?" అన్నాడు భర్త.

"తినేశాను."

"మమ్మల్ని పిలవకుండానా వదినా?"

"పిలిచాను. పదకొండుతో సంబంధం లేదన్నారు."

మామగారు గొంతు సవరించుకుని పుస్తకం ముందు పెట్టాడు. "ఉన్నది ఉన్నట్టు రాయమ్మా. వీళ్ళ భాగోతమంతా రాయి. నువ్వే మా సాక్షివి."

ఆమె పెన్ను తీసుకుంది. ఆయన రాసినదాని కింద, మొదటి గడిలో పదకొండు అని రాసింది. రెండో గడిలో అన్నం, పప్పు, వంకాయ కూర, రెండు రొట్టెలు, పెరుగు అని రాసింది. మూడో గడి దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, కళ్ళద్దాల చీటీ మీద పవరు రాసినంత గుండ్రంగా రాసింది. "అన్నీ వేడిగా ఉన్నాయి. వడ్డించినాయన రెండుసార్లు అడిగి వేశారు." కింద సంతకం పెట్టింది. నాలుగు గళ్ళూ నిండాయి. మామగారు వెతికాడు గానీ ఎక్కడా తప్పు దొరకలేదు.

"అయితే ఇప్పుడైనా మాకు నాలుగు భోజనాలు తెప్పించండి," అంది అత్తగారు మేనేజరుతో, శాలువా విప్పేస్తూ.

"మూడైందమ్మా. పొయ్యిలు ఆర్పేశారు."

కొడుకు ఒక భోజనానికి బిల్లు కట్టి వచ్చాడు. దారి పొడుగునా ఎవరూ మాట్లాడలేదు, కడుపులు మాత్రం మాట్లాడాయి. ఇంటికి రాగానే అత్తగారు కుర్చీలో కూలబడి, "ఏదో ఒకటి వండమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి," అంది.

"నాకు తిన్నది ఎక్కువైంది అత్తయ్యా. వంగలేను," అని కోడలు చాప పరుచుకుని ఒక పక్కకు తిరిగి పడుకుంది. నిజం చెప్పింది, అబద్ధం కాదు. కొడుకు వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా ఎక్కడుందని ఒకసారి, ఉప్పు ఏదని ఒకసారి, గిన్నె ఎంత పెద్దది పెట్టాలని ఒకసారి అడిగాడు. ఆమె పడుకున్నచోటునుంచే చెప్పింది. నాలుగోసారి అడిగేసరికి నిద్రపోయింది.

ఈ కథ గుర్తుపెట్టుకోండి, మీ తర్వాతివాళ్ళకు కూడా చెప్పండి. ఎందుకంటే ఆ మామగారు ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతూనే ఉన్నాడు. ఆ హోటలుకు వెళ్ళకండి, ఇంటిల్లిపాదీ వెళితే ఒక్కరికీ మెతుకు దొరకలేదు, అందరం ఆకలితో తిరిగొచ్చాం అంటాడు. కోడలు వాళ్ళకు టీ ఇస్తూ వింటుంది, దిద్దదు. మీరు చెప్పేటప్పుడు మాత్రం ఆమెను కూడా ఇంటిమనిషిగా లెక్కవేసి చెప్పండి.